ట్యాబ్‌ల అరువు: గ్రంథాలయమా, పొదుపు సంఘమా?

ఊళ్లో చదువుకునే పిల్లలకు, ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవారికి ట్యాబ్‌లు, ల్యాప్‌టాప్‌లు అరువివ్వాలంటే మనకు రెండు దారులున్నాయి.

శాఖా గ్రంథాలయానికి సభ్యత్వ రిజిస్టరు, ధరావతు, గడువు తేదీ కొత్త కాదు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను ఆధారం కూడా ఉంది. కానీ కూలిపని ముగించుకుని చీకటిపడ్డాక వచ్చే తల్లికి ఆ తలుపులు తెరిచి ఉండకపోవచ్చు. పైగా ధరావతు కట్టలేని ఇంటికే పరికరం అవసరం ఎక్కువ. నన్ను బాధించేది ఇదే.

మహిళా పొదుపు సంఘంలో ధరావతు అక్కర్లేదు. పది పదిహేను మంది ఒకరికొకరు పూచీ ఉంటారు, ఎవరింట్లో ఏముందో వారికి తెలుసు. అయితే సంఘంలో లేని వలస కుటుంబాల మాటేమిటి?

మరో చిక్కు: తిరిగొచ్చిన ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో పాత ఖాతా తొలగించకుండా బటన్లతో రీసెట్ చేస్తే, అది మళ్లీ ఆ ఖాతా వివరాలే అడుగుతుంది. ఈ పని తెలిసిన మనిషి గ్రంథాలయంలోనే నిలకడగా దొరుకుతారు.

అందుకే నేను గ్రంథాలయం వైపే మొగ్గుతాను, ఒక్క షరతుతో: సంఘం సభ్యురాలు ఎవరికి పూచీ సంతకం చేసినా, వారు సంఘంలో లేకపోయినా, ధరావతు అడగకూడదు.