లాంకస్టర్‌లో గుర్రపు సేద్యం: పనిముట్లు కట్టుకునేవాళ్ళు ఎక్కడ ఆగాలి

పెన్సిల్వేనియాలోని లాంకస్టర్‌లో ఆమిష్ అనే క్రైస్తవ వర్గంవాళ్ళు ఇప్పటికీ గుర్రాలతోనే సేద్యం చేస్తారు. న్యూజెర్సీ నుంచి వారాంతంలో అక్కడికి వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా బగ్గీ (గుర్రపు బండి) సవారీ చేసి వెనక్కి తిరుగుతారు. గుర్రాలతో సేద్యానికి పనిముట్లు సొంతంగా కట్టుకోవాలనుకునేవాళ్ళకు ఆ సవారీ డబ్బు దండగ. రూట్ 340 మీది దుకాణాలు వదిలేసి గోర్డన్‌విల్ అనే ఊరి వైపు మళ్ళాలి.

మార్చి రెండో శనివారం అక్కడి ఫైర్ కంపెనీ (ఊరి అగ్నిమాపక దళం) వేలం జరుగుతుంది. పాత నాగళ్ళు, గడ్డి కోసే మోవర్లు, బగ్గీలు, జీను సామాను వరుసలుగా పెడతారు. మంచు కరిగిన నేల, బురద ఖాయం, గమ్‌బూట్లు వేసుకోండి. పొద్దున్నే గుర్తింపు కార్డు చూపించి పాట నంబరు తీసుకోవాలి. ఒకేసారి చాలా చోట్ల పాట నడుస్తుంది కాబట్టి కావలసిన వరుసను ముందే చూసి పెట్టుకోవాలి. కొన్నాక వాపసు ఉండదు. కొనకపోయినా టేపు, నోటుబుక్కు పట్టుకెళ్తే చాలు. పనిముట్టు కొలతలు అడిగి తీసుకోండి, ఆమిష్ మనుషుల ముఖాలు మాత్రం ఫొటో తీయొద్దు.

ముఖ్యంగా కొలవాల్సింది ఫోర్‌కార్ట్‌ని, అంటే గుర్రాలకీ పనిముట్టుకీ మధ్య కట్టే చిన్న బండిని. రెండు చక్రాలు, సీటు, వెనక ట్రాక్టర్ పనిముట్టు తగిలించే కొక్కెం, అంతే. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు వెనక ఇరుసు దీనికి బాగా పనికొస్తుంది. తేలిక, పైగా చాలావాటికి డ్రమ్ బ్రేకులు దానికే ఉంటాయి. బ్రేకు నూనెను నెట్టే మాస్టర్ సిలిండర్, కాలి పెడల్ కలిపితే సరి. బ్రేకు లేకుండా, గడ్డి మోపులు కట్టే బరువైన బేలర్‌తో పల్లం దిగితే ఆ బరువంతా గుర్రాల మీదికి వస్తుంది.

ఎడ్లబండి తెలిసినవాళ్ళు పొరబడేది నొగ దగ్గరే. మన బండిలో కాడి నొగకు కట్టి ఉంటుంది, నొగే లాగుతుంది. ఇక్కడ లాగేవి కాలర్ (గుర్రం మెడకు వేసే పట్టెడ) నుంచి వెనక్కి వచ్చే ట్రేసులు, అంటే లాగుడు పట్టీలు; నొగ తిప్పడానికి, ఆపడానికి మాత్రమే. ఒక్కో గుర్రం ట్రేసులు తగిలించే అడ్డకర్ర సింగిల్‌ట్రీ, ఆ రెంటినీ కలిపే పెద్ద అడ్డకర్ర డబుల్‌ట్రీ. జతకు డబుల్‌ట్రీ సుమారు నాలుగడుగులు, సింగిల్‌ట్రీలు ముప్పై అంగుళాలు. డబుల్‌ట్రీ మూడు రంధ్రాలూ ఒకే గీత మీద ఉండాలి, లేకపోతే అది ఏటవాలైనప్పుడల్లా బరువు ఒక గుర్రం మీదికి జరుగుతుంది. చెక్క హికరీ గానీ యాష్ గానీ, నార నిలువుగా సాగినది.

అన్నిటికన్నా ప్రమాదం, నెక్‌యోక్ (గుర్రాల మెడల ముందు నొగ కొసను మోసే అడ్డకర్ర) రింగు నొగ కొస నుంచి జారిపోవడం. ట్రేసులు మరీ పొడుగైనా, నొగ పొట్టిదైనా జరిగేది ఇదే. నొగ కిందపడి నేలలో గుచ్చుకుంటుంది, బండి దాని మీద లేస్తుంది. ట్రేసులు పూర్తిగా బిగిసినప్పుడు కూడా నొగ కొస రింగును దాటి కొన్ని అంగుళాలు బయటికి ఉండాలి. సీటు ఇరుసుకు కాస్త ముందుంటే నొగ గుర్రాల మెడలమీద తేలిగ్గా ఆనుతుంది. వెనక కొక్కెం ఇరుసుకు దూరమైతే పనిముట్టు బరువుకి నొగ పైకి లేచి కడుపు పట్టీ బిగుస్తుంది.

కొత్త సామాను చూడాలంటే గోర్డన్‌విల్‌లో ఐ అండ్ జె, గ్యాప్ అనే ఊళ్ళో వైట్ హార్స్ మెషీన్ అనే తయారీదారులు ఉన్నారు. ఆదివారం ఆమిష్ దుకాణాలన్నీ బంద్, పనిరోజునే వెళ్ళండి. లాంకస్టర్ సెంట్రల్ మార్కెట్ మంగళ, శుక్ర, శనివారాలే. శాకాహారులకు ఊళ్ళలోని డైనర్లలో బీన్స్ కూరలో కూడా హామ్ తగలొచ్చు, అడిగి తినండి. పులిహోర కట్టుకెళ్ళడం మేలు. బసకు యూఎస్ 30 మోటెళ్ళు చౌక, కానీ పిల్లలుంటే పొలం ఇళ్ళలో అద్దె గది తీసుకోవడం నయం.

కొలంబస్ వాళ్ళకు ఒహాయోలోని కిడ్రన్ దగ్గర. అక్కడ 1955 నాటి లేమన్స్ దుకాణం, గురువారం పశువుల సంత, పక్కనే డాల్టన్‌లో ఫోర్‌కార్టులు చేసే పయనీర్ ఉన్నాయి. వేలంలో పనిముట్లు నిలబడి ఉంటాయి. దున్నుతుంటే చూడాలంటే 1994 నుంచి ఏటా జూలై మొదటి వారంలో ఒక్కో ఏడు ఒక్కో రాష్ట్రంలో జరిగే గుర్రపు సేద్యం ప్రదర్శన హార్స్ ప్రోగ్రెస్ డేస్‌కే వెళ్ళాలి. ఒక్కసారే వెళ్ళగలిగితే నా ఓటు దానికే.

ఏదైనా కొంటే, నొగ విప్పకుండా అద్దె ట్రైలర్‌లో పట్టదు. బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. పెద్ద రెంచీ, తుప్పు వదిలించే స్ప్రే కారులో ఉంచుకోండి.