నాలుగు రాత్రుల తర్వాత దొరికిన యాభై ఫొటోలు

మూడేళ్లుగా కంప్యూటర్ సైన్స్‌ను యూనివర్సిటీలు ఉచితంగా పెట్టిన కోర్సులతోనే నేర్చుకుంటున్నాను. నా ఉద్యోగం లెక్కల విభాగంలో, కోడింగ్‌తో దానికి సంబంధం లేదు. ఏ కోర్సులో ఏముంటుంది, ఎలా చేరాలి అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది అసైన్‌మెంట్ల గురించి. పాఠం వింటున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. నాకు నిజంగా ఏమైనా వచ్చిందంటే అది అసైన్‌మెంట్ల దగ్గరే.

హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల సీఎస్50 అనే పరిచయ కోర్సులో నాలుగో వారం కంప్యూటర్ మెమరీ గురించి, కోడ్ రాసేది సీ భాషలో. అందులో 'రికవర్' అని ఒక అసైన్‌మెంట్ ఉంది. కెమెరా కార్డులో డిలీట్ అయిన ఫొటోలను మనం రాసిన ప్రోగ్రామ్‌తో వెనక్కి తేవాలి. కార్డు మొత్తానికి నకలుగా ఒక ఫైల్ ఇస్తారు. దాన్ని 512 బైట్ల ముక్కలుగా చదువుకుంటూ పోవాలి. బైట్ అంటే ఎనిమిది బిట్లు, 0 నుంచి 255 దాకా ఒక సంఖ్య. ముక్క మొదట్లో ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లు, నాలుగోది ఈ0 నుంచి ఈఎఫ్ లోపు కనిపిస్తే అక్కడ కొత్త ఫొటో మొదలైనట్టు. ఇవి పదహారు అంకెల పద్ధతిలో రాసిన సంఖ్యలు, ఎఫ్ఎఫ్ అంటే 255. పాఠం విన్న ఊపులో గంట పని అనుకున్నాను.

నెట్ సరిగ్గా ఉండేది కాదని, వాళ్లిచ్చే ఆన్‌లైన్ ఎడిటర్ వదిలేసి నా లాప్‌టాప్‌లోనే జీసీసీ అనే కంపైలర్‌తో (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) కంపైల్ చేసుకునేదాన్ని. ప్రోగ్రామ్ శుభ్రంగా నడిచింది, ఏ ఎర్రరూ రాలేదు. ఫోల్డర్‌లో మాత్రం ఒక్క ఫొటో కూడా లేదు. మూడు రాత్రులు ఫైల్ తెరిచే చోట వెతికాను, లూప్‌లో వెతికాను, ఫొటోకు పేరు పెట్టే లైన్‌ను నాలుగు రకాలుగా మార్చి రాశాను. సున్నా ఫొటోలే.

నాలుగో రాత్రి ఊహలు మానేసి, ప్రతి ముక్కలో మొదటి బైట్‌ను తెర మీద ప్రింట్ చేయించాను. ఎఫ్ఎఫ్ రావాల్సిన చోట వరసగా ఎనిమిది ఎఫ్‌లు వచ్చాయి. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాక వెలిగింది. చదివిన ముక్కను ఉంచుకునే చోటును, అంటే బఫర్‌ను, నేను 'చార్' రకంగా ప్రకటించాను. నా మెషీన్‌లో చార్ మైనస్ సంఖ్యలను కూడా పట్టే రకం, కాబట్టి 255 అనే బైట్ అక్కడ మైనస్ 1 అవుతోంది. ఎనిమిది ఎఫ్‌లుగా కనిపించింది ఆ మైనస్ 1నే. నేనేమో దాన్ని 255తో పోలుస్తున్నాను. లోపల ఉన్న ఎనిమిది బిట్లూ అవే, కానీ ఆ రెండు సంఖ్యలూ ఎప్పటికీ సమానం కావు. చార్‌ను అన్‌సైన్డ్ (మైనస్ లేని రకం) చేసి మళ్లీ నడిపాను. 000 నుంచి 049 వరకు యాభై ఫొటోలు ఫోల్డర్‌లో వరసగా వచ్చి కూర్చున్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఆ రాత్రి సంతోషం ఇప్పటికీ తాజాగానే ఉంది. పాత కోడ్‌ను తర్వాత కంపైలర్ ఇచ్చే వార్నింగ్‌లన్నీ ఆన్ చేసి కంపైల్ చేస్తే, ఈ పోలిక ఎప్పటికీ నిజం కాదని సరిగ్గా ఆ లైన్ దగ్గరే చెప్పింది. అప్పటి నుంచి వార్నింగ్‌లు లేకుండా కంపైల్ చేసింది లేదు. ఒక బైట్ అంటే ఏమిటో నాకు ఆ నాలుగు రాత్రులు నేర్పినట్టు ఏ వీడియో నేర్పలేదు.

ఆ తర్వాత ఏడాది పాటు ఎవరడిగినా "ఈ ఉచిత కోర్సులు చాలు, ఇంకేమీ అక్కర్లేదు" అనేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఇంకో యూనివర్సిటీ ఆల్గారిథమ్స్ కోర్సులో ఆరో వారానికల్లా అసైన్‌మెంట్లు దిద్దే సర్వర్ ఆగిపోయింది. వీడియోలున్నాయి, ప్రశ్నలున్నాయి, చేసింది తప్పో ఒప్పో చెప్పేవాళ్లే లేరు. ఒక చోటి నుంచి మిగతా చోట్లకు దగ్గరి దారి కనిపెట్టే డైక్‌స్ట్రా పద్ధతి రాసి, పది నోడ్ల (చోట్ల) గ్రాఫ్ మీద సరిగ్గా వస్తోందని ముందుకెళ్లిపోయాను. కొన్ని నెలలకు లక్ష నోడ్లు ఇస్తే ఎంతకీ పూర్తి కాలేదు. అతి చిన్నదాన్ని త్వరగా తీసిచ్చే హీప్ వాడాల్సిన చోట ప్రతిసారీ లిస్టంతా వెతికిస్తున్నాను. అంటే లక్ష సార్లు లక్ష, వెయ్యి కోట్ల పోలికలు. దిద్దేవాళ్లుంటే ఆ వారమే తెలిసేది.

దిద్దే ప్రోగ్రామ్ ఉన్నా, అది చూసేది ఎక్కువగా జవాబునే. పచ్చ గుర్తు పడిన కోడ్ ఒకటి మా తమ్ముడికి చూపించాను, వాడు ప్రోగ్రామరే. "అక్కా, అంతా ఒకే ఫంక్షన్‌లో పెట్టేశావు. రేపు ఇందులో చిన్న మార్పు చేయాలంటే ఎక్కడ చెయ్యి పెట్టాలి?" అన్నాడు. వాడితో కూర్చుని దాన్ని ఆరు ఫంక్షన్లుగా విడగొట్టిన ఆదివారం నాకు ఒక నెల కోర్సుతో సమానం.

నాకు జీతం వస్తోంది, సర్టిఫికెట్‌తో పని లేదు, ఇల్లు నిద్ర లేవకముందు రెండు గంటలు దొరుకుతాయి, కోడ్ చదివి పెట్టే తమ్ముడున్నాడు. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నాకు ఈ దారి బాగా కుదిరింది. ఏడాదిలో ఉద్యోగం తెచ్చుకోవాలన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఇదే మాట చెప్పే ధైర్యం నాకు లేదు. వాళ్లు మొదట కోడ్ చదివే మనిషిని ఒకరిని వెతుక్కుంటే మంచిదని మాత్రం అనిపిస్తుంది.

ప్రస్తుతం నాండ్ టు టెట్రిస్ అనే కోర్సు చేస్తున్నాను. నాండ్ గేటు అనే ఒక్క చిన్న సర్క్యూట్‌తో మొదలుపెట్టి 16 బిట్ల కంప్యూటర్ దాకా మనమే కట్టుకోవాలి. తప్పొస్తే, మన ఫలితాన్ని సరైన దానితో పోల్చే ప్రోగ్రామ్ ఏ లైన్ దగ్గర తేడా వచ్చిందో చెప్పి ఆగుతుంది. అది నాకు చాలా నచ్చింది. ఐదో ప్రాజెక్టులో సీపీయూ కడుతున్నాను. నిన్న, తర్వాత ఏ ఆదేశానికి వెళ్లాలో చెప్పే జంప్ బిట్ల దగ్గర ఆగింది, రేపు పొద్దున మళ్లీ అక్కడి నుంచే.