గయకు రెండు రాత్రులు: అరవై దాటినవారి కాశీయాత్ర

ప్రయాగ ముండం, కాశీ దండం, గయా పిండం అని పెద్దలు ఒక్క ముక్కలో చెప్పేశారు. ఇప్పటి ప్యాకేజీల్లో మాత్రం కాశీకి మూడు నాలుగు రోజులు, ప్రయాగకు ఒక రోజు, గయకు ఒక పూట. అర్ధరాత్రి దాటాక కాశీలో టెంపో ఎక్కించి, 250 కిలోమీటర్లు తీసుకెళ్లి, పిండాలు పెట్టించి, ఆ రోజు రాత్రికే వెనక్కి తెచ్చేస్తారు. కన్నవాళ్లను తలచుకోవడానికి అంత దూరం వెళ్లిన మనిషికి చివరికి గుర్తుండేది నడుంనొప్పి. అందుకే గయలో రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. కావాలంటే కాశీలో ఒకటి తగ్గించుకోండి.

సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్, విజయవాడ వైపువాళ్లకు సంఘమిత్ర ఉన్నాయి. ఇవి కాశీ ఊళ్లోకి వెళ్లవు. పాత మొగల్‌సరాయ్‌లో, అంటే ఇప్పటి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగి ఆటో ఎక్కాలి. టికెట్ దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వయసువాళ్ల లోయర్ బెర్త్ కోటా 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు వర్తిస్తుంది, అదీ టికెట్‌లో ఒకరో ఇద్దరో ఉంటేనే. నలుగురికి కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా పోతుంది, పెద్దాయనకు పై బెర్త్ రావచ్చు. ఇద్దరిద్దరుగా విడగొట్టి తీయండి. డిసెంబరు, జనవరి పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో గంగ పొంగితే ఘాట్ల మెట్లు మునుగుతాయి, పడవలు ఆపేస్తారు. శివరాత్రి, దేవ దీపావళి రద్దీ తప్పించుకుంటే నవంబరు, ఫిబ్రవరి, మార్చి నెలలు హాయి.

కాశీలో బస ఎక్కడన్నది మోకాళ్లను బట్టి తేల్చుకోవాలి. పాండే హవేలీ, మానససరోవర్ ఘాట్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఆశ్రమాలు, సత్రాలు ఉన్నాయి. మన భోజనం, మన భాష, నాలుగు అడుగులేస్తే గంగ, పక్కనే కేదారేశ్వరుడు. అయితే ఆటో పెద్ద రోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కణ్నుంచి సందుల్లో సామాను మోసుకుంటూ నడవాలి. లిఫ్టు లేని పాత మేడలు ఎక్కువ కాబట్టి గది చెప్పుకునేటప్పుడే కింది అంతస్తు ఉందా, కూర్చునే మరుగుదొడ్డి ఉందా అని అడగండి. మెట్లెక్కలేనివారు సిగ్రా, కంటోన్మెంట్ వైపు హోటళ్లలో దిగడమే మేలు. గుడికి దూరమే, దారిలో ట్రాఫిక్కూ ఉంటుంది, కానీ రాత్రి కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది.

విశ్వనాథుడి గుడిలోకి ఫోన్లు, సంచులు పోనివ్వరు. బయట దుకాణాలవాళ్లు లాకర్ ఇస్తామంటారు, బదులుగా పూజాబుట్ట కొనమంటారు. ఫోను గదిలోనే వదిలేయండి. అప్పుడు తప్పిపోతే పిలుచుకునే దారి ఉండదు గనుక ఏ ద్వారం దగ్గర కలవాలో ముందే అనుకోండి. బస చిరునామా, గదిలో ఉన్నవారి నంబరు రాసిన చీటీ ప్రతి ఒక్కరి జేబులో ఉండాలి. క్యూలో నిలబడలేనివారు దేవస్థానం వెబ్‌సైట్‌లో సుగమ్ దర్శన్ టికెట్ తీసుకోవచ్చు. పడవ బేరం మనిషికి ఇంత అని కాకుండా పడవకు ఇంత అని ఆడండి. మణికర్ణిక దగ్గర చితి కట్టెల దానం పేరిట వెంటపడేవారికి డబ్బివ్వకండి.

ఇక గయ. మహాలయ పక్షాల్లోనే వెళ్లాలన్న పట్టింపు అక్కర్లేదు. 'గయాయాం సర్వకాలేషు' అన్న మాట శాస్త్రంలోనే ఉంది. ఆ పదిహేను రోజుల తొక్కిసలాటలో వయసువాళ్లకు కష్టమే మిగులుతుంది. బసకు రెండు దారులు: విష్ణుపాదం గుడి దగ్గరి సత్రాలు, లేదా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో బోధ్‌గయ హోటళ్లు. గదులు బోధ్‌గయలోనే శుభ్రం. కానీ శ్రాద్ధం రోజు తెల్లవారే మొదలవుతుంది కాబట్టి మొదటి రాత్రి గయలో, రెండో రాత్రి బోధ్‌గయలో పడుకుంటే సుఖం.

ఒక్క రోజులో చేసే శ్రాద్ధానికి మూడు చోట్లు. ఫల్గు నది దగ్గర తర్పణం, విష్ణుపాదంలో పిండాలు, చివర అక్షయవటం అనే మర్రిచెట్టు. ఇప్పటి విష్ణుపాద ఆలయం 1787లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. రాతినేల మీద పాలు, నువ్వుల నీళ్లు, పిండం మెతుకులు పడి జారుతుంది, పైగా చెప్పులుండవు. చెయ్యి పట్టుకునే మనిషి పక్కన ఉండి తీరాలి. కింద కూర్చోలేనివారు ఎత్తు పీటో కుర్చీయో ముందుగా చెప్పి పెట్టించుకోవాలి. మధ్యాహ్నందాకా భోజనం ఉండదు కాబట్టి షుగర్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ఇంటి దగ్గరే అడిగి వెళ్లండి.

డబ్బు గొడవ సాధారణంగా అక్షయవటం కింద వస్తుంది. అక్కడ పండా, అంటే గయలోని తీర్థ పురోహితుడు, 'సుఫలం' అంటేనే పని ముగిసినట్టు. ఆ మాట ముందర దక్షిణ పెంచమంటే కాదనే ధైర్యం ఎవరికీ రాదు. పురోహితుడి సంభావన, సామగ్రి, బ్రాహ్మణ భోజనం, సుఫలం దక్షిణ: నాలుగూ విడివిడిగా అడిగి ముందురోజే రాసుకోండి. ఇక తిననని కాయో, పండో, ఆకో వదిలేదీ ఇక్కడే. ఏది వదలాలో ఇంట్లో వండేవారితోనూ కలిసి నిర్ణయించుకోండి.

మాతృషోడశి చేయించమని తప్పకుండా అడగండి. అమ్మకు పదహారు పిండాలు, ఒక్కో పిండానికి ఒక్కో శ్లోకం. కడుపులో బిడ్డతో ఎగుడుదిగుడు దారిన నడిచిన కష్టానికి ఒకటి, పురిటినొప్పులకు ఒకటి, చేదు కషాయాలు మింగినందుకు ఒకటి, రాత్రిళ్లు తడిపిన బట్టల్లో పడుకున్నందుకు ఒకటి. తొందరలో ఉన్న పురోహితుడు అయిదు నిమిషాల్లో చదివేస్తాడు. అర్థం తెలుగులో చెబుతూ నిదానంగా చేయించే మనిషిని ముందే మాట్లాడుకోండి. వేళ్లకు నువ్వులు, పిండి అంటుకుని ఉండగా, డెబ్బయ్యేళ్ల కొడుకు తాను చంటిపిల్లాడిగా పెట్టిన బాధలన్నీ వరసగా వింటాడు. మూడోదో నాలుగోదో పిండం దగ్గర చాలామందికి గొంతు పెగలదు. అప్పుడు కాసేపు ఆగనివ్వాలి. ఒక పూట ప్యాకేజీలో ఆ ఆగడానికే చోటుండదు.

తండ్రి వైపు, తల్లి వైపు మూడేసి తరాల పేర్లు, గోత్రాలు కాగితం మీద రాసుకెళ్లాలి. తాతమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి చాలా ఇళ్లలో కలం ఆగిపోతుంది. నెల ముందే బతికున్న మేనత్తకో పెద్దమ్మకో ఫోన్ చేయండి. అడిగింది ఒక్క పేరే అయినా వాళ్లు గంటసేపు చెబుతారు. అదంతా రాసి పెట్టుకోండి.

గయావళీ పండాల దగ్గర యాత్రికుల వంశాల బహీలు, అంటే పేర్లు రాసి ఉంచే పుస్తకాలు, ఉంటాయి. మీ తాతగారు వచ్చి ఉంటే ఆయన చేతిరాత దొరకవచ్చు. ఇప్పటి జిల్లా పేరు చెబితే లాభం లేదు. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు మారిపోయాయి. ఊరు, పాత తాలూకా, పాత జిల్లా, ఇంటిపేరు చెప్పాలి. వెతకడానికి పూట పడుతుంది కాబట్టి ముందురోజు సాయంత్రమే అడగండి. కాగితం పెళుసుగా ఉంటుంది, పేజీలు వాళ్లనే తిప్పనివ్వండి, అనుమతి అడిగి ఫోటో తీసుకోండి. తిరిగి వచ్చేముందు మీ పేరుతో పాటు భార్య పేరు, కూతుళ్ల పేర్లు, కోడళ్ల పేర్లు కూడా తెలుగులోనూ, మనవలు చదువుకునేలా ఇంగ్లీషులోనూ రాసి, తేదీ వేసి, సంతకం చేయండి.