మొదటి నవలిక: కేశవరెడ్డి ముసలివాడా, హెమింగ్వే ముసలివాడా?

తొమ్మిదో తరగతి పిల్లలచేత పాఠ్యపుస్తకం బయటి నవలిక ఒకటి పూర్తిగా చదివిద్దామని స్టాఫ్ రూములో మాట వస్తే, మా తిరుపతిలో నేనెరిగిన ఇంగ్లీషు టీచర్లు హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ అంటారు. తెలుగు చెప్పేవాళ్లలో కొందరు కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ అంటారు. సోషల్ సార్ పక్కనే ఉంటే ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ సంగతి ఎత్తుతారు. మూడూ చిన్న పుస్తకాలే, మూడూ గట్టివే. కానీ నవల మొహమే చూడని పద్నాలుగేళ్ల పిల్లల చేతిలో ముందు ఏది పెట్టాలన్నది వేరే ప్రశ్న. నా ఓటు కేశవరెడ్డికి. ఆ వెంటనే హెమింగ్వే. ‘యానిమల్ ఫామ్’ ఇంకో ఏడాది ఆగినా నష్టం లేదు.

ఆ ఆగేదాని సంగతి ముందే తేల్చేస్తాను. 1945లో వచ్చిన ఆర్వెల్ పుస్తకం, యజమానిని తరిమేసి పొలాన్ని తమ చేతిలోకి తీసుకున్న జంతువుల కథ. పది అధ్యాయాలు, తేలిక ఇంగ్లీషు. ఎన్సీఈఆర్టీ చరిత్ర పుస్తకంలో రష్యా విప్లవం పాఠం చదివిన పిల్లలకు దాని వెనకున్న కథ కూడా కొంత తెలిసే ఉంటుంది. చిక్కంతా అక్కడే. అందులోని పందుల్లో నెపోలియన్ అంటే స్టాలిన్, స్నోబాల్ అంటే ట్రాట్‌స్కీ అని ఒక్కసారి నోరు జారామా, పిల్లలు పుస్తకాన్ని ‘జతపరచండి’ ప్రశ్న చేసేస్తారు. బాక్సర్ అనే గుర్రాన్ని కసాయి బండెక్కించి తీసుకుపోయేటప్పుడు గుండె పట్టేయాలి. దానికి బదులు ‘ఈ గుర్రం ఎవురు సార్?’ అని అడుగుతారు. కథను కథగా చదవడం అలవాటయ్యాక అదే పుస్తకం ఇస్తే ఆ ప్రశ్న వచ్చినా ఇబ్బంది ఉండదు.

ఇక మిగిలిన ఇద్దరు ముసలివాళ్లు.

హెమింగ్వే నవలిక 1952లో వచ్చింది. పుస్తకంగా రావడమే కాదు, ‘లైఫ్’ పత్రిక ఒకే సంచికలో మొత్తం అచ్చేసింది. 1953లో పులిట్జర్, 1954లో రచయితకు నోబెల్. క్యూబా జాలరి శాంటియాగోకు 84 రోజులుగా చేప పడదు. వీడికి అదృష్టం లేదని, వెంట వచ్చే కుర్రాణ్ని తల్లిదండ్రులు వేరే పడవకు మార్చేస్తారు. 85వ రోజు ఒంటరిగా చాలా దూరం పోతాడు. గాలానికి పద్దెనిమిది అడుగుల మార్లిన్ చేప తగులుతుంది. అది అతని పడవకన్నా రెండడుగులు ఎక్కువే. దానితో పోరాటం, తర్వాత సొరచేపలతో పోరాటం.

కేశవరెడ్డి 1946లో చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో పుట్టారు. డాక్టరై, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేశారు. 2015లో పోయారు. బతుకంతా అంత దూరంలో గడిచినా, ఆయన రాసిన నవలల్లో పల్లెలు ఎక్కువగా మనవే. 1980ల్లో వచ్చిన ఈ నవలికలో పందులు కాచుకునే ఒక ముసలివాడు, తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. పంది అడవిలోనే ఈని ఉంటుంది. చీకటి, నక్కలు, పిల్లల దగ్గరికి ఎవర్నీ రానివ్వని తల్లి పంది. ఇంతకుమించి చెప్పను. ముగింపు ముందే తెలిసిపోతే ఈ పుస్తకం సగం పోయినట్టే. తరగతిలో కూడా కథాసారాంశం చెప్పేసి మొదలుపెట్టే అలవాటు మానుకోవాలి.

రెండు కథలకూ పోలిక ఉందని సాహిత్యం చదివేవాళ్లు ఎప్పటినుంచో అంటున్నదే. ఒక ముసలివాడు, ఒక జంతువు, సాయానికి మనిషి లేని చోటు. ఈ పోలికే తరగతిలో మన చేతికి దొరికే ఆయుధం. అందుకే నేను ‘ఏదో ఒకటి’ అనడం లేదు, ‘ఏది ముందు’ అంటున్నాను.

పిల్లలకు దేనితో పరిచయం ఎక్కువ? సముద్రమా, అడవా? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేట, పులికాట్ వైపంతా మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది కాబట్టి, కాగితం మీద మనకూ సముద్రం ఉంది. కానీ టౌన్లో పిల్లవాడు పొద్దున లేచి చూసేది శేషాచలం కొండ. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపిల్లను పొట్టన పెట్టుకున్నాక, భక్తుల చేతికి కర్రలిచ్చి గుంపులుగా పంపడం ఈ పిల్లలందరికీ తెలుసు. వాళ్లలో చాలామంది ఆ కర్ర పట్టుకుని మెట్లెక్కినవాళ్లే. అడవిలో చీకటి పడితే ఏమవుతుందో వాళ్లకు మనం వర్ణించి చెప్పాల్సిన పని లేదు. హెమింగ్వే దగ్గర అయితే గల్ఫ్ స్ట్రీమ్ అంటే ఏమిటి, బేస్‌బాల్ అంటే ఏమిటి, డిమాజియో ఎవరు, ముసలాయనకు అతనంటే అంత గౌరవం ఎందుకు, ఇవన్నీ చెప్పేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది, చేప ఇంకా పడి ఉండదు.

పల్లెల నుంచి బస్సులో వచ్చే పిల్లలుంటే కేశవరెడ్డి పుస్తకం తరగతిని తలకిందులు చేస్తుంది. మామూలుగా వెనక బెంచీలో నోరు విప్పని అమ్మాయి, తల్లి పంది బుసకొట్టే చోట చెయ్యెత్తి, ‘ఈనిన గొడ్డు కాడికి పోతే పొడస్తాది సార్, మాయవ్వ గూడా పోదు’ అంది. ఇంగ్లీషు గ్రామరులో ఫస్టు వచ్చే అబ్బాయికి ఆ సంగతి తెలియదు. ఆ రోజు అతనే ఆమెను ప్రశ్నలడిగాడు. ఎన్నాళ్లు అట్లా ఉంటుంది, దూడకు పాలెట్లా పితుకుతారు, రాత్రిపూట కాపలా ఎవరుంటారు అని. పాఠం పక్కకు పోయిందని నేను ఆపలేదు. ఆ తల్లి పంది ఎందుకట్లా చేస్తుందో తరగతికి ఆమె చెప్పినంత బాగా నేను చెప్పలేను.

ఈ పుస్తకంతో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. పందులు కాచే మనిషి కథానాయకుడు అనగానే తరగతిలో నవ్వు పుడుతుంది. ఆ నవ్వు కింద కులం ఉంటుంది. అదే గదిలో అదే వృత్తి చేసుకునే ఇంటి పిల్లవాడు కూర్చుని ఉండొచ్చు. అందుకని కొందరు టీచర్లు, మనకెందుకొచ్చిన గొడవ, క్యూబా జాలరితో అయితే ఎవరికీ టెన్షన్ ఉండదు అంటారు. నిజమే, ఉండదు. కానీ ఆ గొడవ ఉన్నందుకే ఈ పుస్తకం ఎంచుకోవాలని నా పట్టు. చేయాల్సింది ఒక్కటే: నవ్వొద్దని ముందే క్లాసు పీకకుండా, ఎవరి కులమూ ఎత్తకుండా, చదవడం మొదలుపెట్టాలి. ముసలివాడు అడవిలోకి అడుగుపెట్టాక నవ్వడానికి ఎవరికీ తీరిక ఉండదు. పుస్తకం సగానికి వచ్చాక, మొదట్లో ఎందుకు నవ్వాం అని అడగొచ్చు. తలలు దించుకుంటారు, కొందరు జవాబు చెబుతారు. తరగతిలో ఆ వృత్తి చేసుకునే ఇంటి పిల్లవాడు ఉన్నాడని తెలిస్తే మాత్రం, మొదలుపెట్టే ముందు అతనితో విడిగా ఒక మాట మాట్లాడటం మర్యాద.

భాష దగ్గర లెక్క అంత సూటిగా లేదు. హెమింగ్వే వాక్యాలు పొట్టివి, సగటు తొమ్మిదో తరగతి పిల్లవాడు అర్థం చేసుకోగలడు. కొత్తగా అనిపించేవి పడవ సామాన్ల పేర్లు మాత్రమే. బోర్డు మీద ఒక పడవ బొమ్మ గీసి పేర్లు రాస్తే ఆ సమస్య తీరుతుంది. సంక్షిప్త ప్రతులు కొనొద్దు. అంత తేలిగ్గా రాసినదాన్ని ఇంకా తేలిక చేయబోతే పిప్పే మిగులుతుంది. ఇటు తెలుగు పుస్తకం మన భాషే కదా అనుకుంటే, ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది తెలుగును కూడబలుక్కుని చదువుతారు. నాలుగు లైన్లు చదివేసరికి అలసిపోతారు. వాళ్ల చేతికి పుస్తకమిచ్చి ఇంట్లో చదువుకు రమ్మంటే జరగదు. మొదటి కొన్ని పేజీలు టీచరే పైకి చదవాలి, వేగంగా కాకుండా, గొంతు మారుస్తూ. చెవికి ఎక్కాక కంటికి ఎక్కుతుంది. ఈ ఒక్క విషయంలో హెమింగ్వేకే మార్కులు ఎక్కువ పడతాయి.

పదో తరగతి ఉపవాచకంగా రామాయణం చదివించే తీరు తెలిసినవాళ్లకు ఇంకో జాగ్రత్త. ‘ఎవరు ఎవరితో అన్నారు’, ‘సందర్భం రాయండి’ అనే ప్రశ్నలు ఈ పుస్తకాల దగ్గరికి రానివ్వొద్దు. రచయిత జీవిత విశేషాలతో మొదలుపెట్టడం కూడా నాకు నచ్చదు. డిచ్‌పల్లి సంగతి, నోబెల్ సంగతి పుస్తకం ముగిశాక చెబితే పిల్లలు చెవులు రిక్కించి వింటారు. ముందే చెబితే నోట్సు రాసుకుంటారు, అంతే.

సినిమా ముందా, పుస్తకం ముందా? హెమింగ్వేకు ఇక్కడొక వీలుంది. రష్యన్ కళాకారుడు అలెగ్జాండర్ పెట్రోవ్ గాజు పలకల మీద రంగులతో బొమ్మలు గీసి 1999లో తీసిన యానిమేషన్ చిత్రం ఇరవై నిమిషాలే, ఆస్కార్ కూడా వచ్చింది. ఒక్క పీరియడ్‌లో చూపించి, మాట్లాడుకోవడానికీ టైం మిగులుతుంది. కానీ పుస్తకం అయ్యాకే చూపించాలి. ముందు చూపిస్తే చేప ఎంత పెద్దదో కంటికి తెలిసిపోతుంది. పుస్తకంలో ముసలాయన ఆ చేపను చాలాసేపటిదాకా చూడలేదు, లాగే బరువును బట్టి ఊహించుకోవడమే.

ఆ బరువు గురించి తరగతిలో చేయదగ్గ పని ఒకటుంది. నైలాన్ తాడు ఒకటి తెచ్చి, ఒక పిల్లవాడి వీపు మీదుగా తిప్పి అతని చేతికివ్వాలి. రెండో కొస ఇద్దరు మెల్లగా లాగి పట్టుకోవాలి, కుదుపులు వద్దు. మరొకరు చెయ్యి కొంకర్లు పోయే పేజీ చదవాలి. పేజీ ముగిసేలోపే తాడు పట్టుకున్నవాడు ‘చాలు సార్’ అంటాడు. శాంటియాగో రాత్రంతా అట్లాగే ఉన్నాడని ఇక టీచరు చెప్పనక్కర్లేదు.

రెండూ చదివాక రాతపని ఇవ్వాలనుకుంటే ఒక్క ప్రశ్న చాలు: ఇద్దరు ముసలివాళ్లలో ఎవరు ఎక్కువ పోగొట్టుకున్నారు? పేజీ నంబరు చూపించి వాదించాలి. దీనికి సరైన జవాబు టీచరు దగ్గర కూడా లేదని తెలిస్తే పిల్లలు బాగా రెచ్చిపోతారు. అడవిని ముందు చదివినవాళ్లు సముద్రంలో సొరచేపలు రాగానే నక్కలను గుర్తు చేసుకుంటారు, ఎవరూ చెప్పకుండానే. సముద్రాన్ని ముందు చదివితే ఈ కేశవరెడ్డి హెమింగ్వేని చూసి రాశాడా సార్ అనే మాట దగ్గర చర్చ ఆగిపోతుంది. వరుస గురించి నా పట్టుదలకు ఇదే పెద్ద కారణం.

అన్ని బళ్లకూ ఇదే వరుస నప్పదు. వేరే రాష్ట్రాల పిల్లలు కలిసి చదివే బడి అయితే, తెలుగు రెండో భాష కూడా కాకపోతే, హెమింగ్వేతోనే మొదలుపెట్టండి. పదో తరగతి అయితే రెండింటి జోలికీ పోవద్దు, మార్చి పరీక్షల నీడలో ఏ నవలికా బతకదు. తొమ్మిదిలో దసరా సెలవుల తర్వాత సంక్రాంతి లోపు ఒకటి, సంక్రాంతి తర్వాత ఒకటి పెట్టుకుంటే హడావుడి ఉండదు.

ప్రతుల ఖర్చు కూడా చూసుకోవాలి. మన కాపీరైటు రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. హెమింగ్వే 1961లో పోయారు కాబట్టి 2021 చివరితో ఇక్కడ గడువు తీరింది. తరగతికంతా జిరాక్సు తీయించినా అడిగేవాళ్లు లేరు. కేశవరెడ్డి పుస్తకం అట్లా కాదు, కొనాల్సిందే. బెంచీకి ఒక ప్రతి కొంటే ఇద్దరు ముగ్గురు పంచుకుని చదువుకోవచ్చు. ఏడాది చివర వాటిని లైబ్రరీ బీరువాలో పెట్టి తాళం వేయకుండా ఉంటే వచ్చే ఏడాది పిల్లలకూ అవే పనికొస్తాయి.