బ్రాడీపేట ఆదివారం పేరా క్లాసు: చీటీలకు నిండా మార్కులు, దిద్దుబాటుకు కోత

వ్యాసం, లేఖ, వ్యాకరణం అన్నీ ఒకే గంపలో వేసి చెప్పే ట్యూషన్లకు గుంటూరులో కొదవ లేదు. పేరా ఒక్కదాన్నే పట్టుకుని ఆరు ఆదివారాలు నేర్పే క్లాసు మాత్రం అరుదు. బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డులో మేడమీద నడుస్తున్న ఈ క్లాసు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం. పూటకు రెండు గంటలు, బ్యాచికి 18 మంది, ఫీజు 1,800 రూపాయలు. 48 పేజీల వర్క్‌బుక్ అందులోనే వస్తుంది.

ఈ క్లాసుకు ప్రాణం చీటీల ఆట. ఒక పేరాను వాక్యాలుగా కత్తిరించి, కలగాపులగం చేసి, ముగ్గురు పిల్లలకు ఒక కట్ట చొప్పున ఇస్తారు. కట్టలో ఏడు చీటీలుంటాయి. ఒకటి దొంగ చీటీ, అంటే ఆ పేరాకు చెందని వాక్యం. దాన్ని ఏరేసి మిగతా ఆరింటినీ వరుసలో పెట్టాలి. మొదటి వారం కట్ట ఇది:

దాని బదులు ఇప్పటి బ్యారేజీ కట్టి 1957లో పూర్తిచేశారు.
ఆ కట్ట దాదాపు వందేళ్లు డెల్టాకు నీళ్లిచ్చింది.
దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు.
విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డుకట్ట వేయడం నిన్నమొన్నటి సంగతి కాదు.
1952లో దానికి గండి పడింది.
దసరాకు ఇంద్రకీలాద్రి మీద జనం కిటకిటలాడతారు.
1852లో పని మొదలుపెట్టి 1855కల్లా ఆనకట్ట కట్టారు.

దసరా చీటీని ఏరి పారేయడానికి పిల్లలు తటపటాయిస్తారు. ‘అదీ విజయవాడేగా, అదీ నిజమేగా’ అంటారు. నిజమైన వాక్యం కూడా పేరాకు పనికిరాకపోవచ్చన్నది వాళ్ల చేతికి తెలిసేది ఇక్కడే. పేరాలో ఏకసూత్రత ఉండాలని, అంటే వాక్యాలన్నీ ఒకే విషయాన్ని పట్టుకుని నడవాలని బోర్డు మీద పదిసార్లు రాసినా ఇంత బాగా ఎక్కదు.

అసలు చిక్కు ప్రకాశం పంతులు చీటీతో వస్తుంది. ‘దానికి’ అంటే దేనికి? ఆనకట్టకా, బ్యారేజీకా? సగం జట్లు దాన్ని 1855 వాక్యం కిందే పెడతాయి. పంతులుగారు పుట్టిందే 1872లో అని టీచరు గుర్తుచేసేసరికి చీటీ దానంతటదే కిందికి జారుతుంది. అది, దాని, అక్కడ, ఆ లాంటి మాటలు వెనకున్న వాక్యాన్ని వేలెత్తి చూపిస్తాయి. ఆ వేలు రెండు వస్తువుల మధ్య ఊగిందంటే పేరా తెగినట్టే. ఈ ఒక్క పాఠానికే ఫీజులో సగం చెల్లిపోయిందనుకోవచ్చు.

రెండో వారం మొదటి వాక్యం మీద. ఇదే పేరాకు మూడు ఎత్తుగడలు ఇచ్చి ఒకటి ఎంచుకోమంటారు. ‘నీరు సకల జీవులకు ప్రాణాధారం’ అనేది మరీ వెడల్పు, దాని కింద ఏదైనా పడుతుంది. ‘బ్యారేజీకి 70 గేట్లున్నాయి’ అనేది మరీ ఇరుకు, దాని కింద ఏదీ పట్టదు. మూడోది పైన చూసిన అడ్డుకట్ట వాక్యం. పరీక్ష చాలా తేలిక: మొదటి వాక్యం చదివాక ‘అయితే ఎప్పటి సంగతి?’ లాంటి ఒక ప్రశ్న పుట్టాలి, మిగతా వాక్యాలు దానికి జవాబు చెప్పాలి. ‘నీరు ప్రాణాధారం’ అన్నాక ఎవరికీ ఏ ప్రశ్నా పుట్టదు.

మూడో వారం నుంచి పట్టు సడలుతుంది. కారణం వర్క్‌బుక్. అందులో అతుకుమాటల పట్టిక ఒకటుంది: మరియు, తద్వారా, అయినప్పటికీ, తత్ఫలితంగా... మొత్తం పాతిక దాకా. పిల్లలు దాన్ని సంతలో బేరంలా చూస్తారు, ఏది బరువుగా కనిపిస్తే అది వేస్తారు. ‘ఆనకట్టకు గండి పడింది. తద్వారా బ్యారేజీ కట్టారు’ అని రాస్తే గండిని పనిముట్టుగా వాడినట్టుంది. తెలుగులో అతుకు చాలాసార్లు విడిగా ఉండదు, క్రియలోనే ఇమిడి ఉంటుంది. ‘గండి పడడంతో బ్యారేజీ కట్టారు’ అంటే సరిపోయె. పడితే, పడినా, పడ్డాక, పడేలోపు: ఈ నాలుగూ నేర్పితే పట్టికలో సగం కొట్టేయొచ్చు. పట్టిక ఏ ఇంగ్లీషు పుస్తకంలోంచో దిగినట్టుంది, మన వాక్యం నడక దానికి తెలియదు.

అదే కారణంగా మన పిల్లల అసలు జబ్బును ఈ క్లాసు పట్టించుకోలేదు. ఓ వర్క్‌బుక్ పేజీలో కనిపించిన వాక్యం: ‘రైతులు మిర్చి కోసి కల్లాల్లో ఆరబెట్టి తాలు కాయలు ఏరి టిక్కీలకెత్తి యార్డుకు తెచ్చి ధర లేక కోల్డ్ స్టోరేజీలో పెట్టి అప్పులపాలై బాధపడుతున్నారు.’ (టిక్కీ అంటే మిర్చి బస్తా.) పేరా మొత్తం ఒకే వాక్యం! కోసి, ఏరి, తెచ్చి అంటూ గొలుసు కట్టుకుంటూ పోవడానికి తెలుగు ఎంతైనా ఒప్పుకుంటుంది, అదే ప్రమాదం. ఏది ముఖ్యం, ఏది ఆనుషంగికం అన్న తేడా గొలుసులో మాయమవుతుంది. ఇక్కడ ముఖ్యమైనది ధర లేకపోవడం. అది ఆరు పనుల మధ్య నలిగిపోయింది. మందు సులువు: వాక్యానికి మూడు పనులు దాటనివ్వకూడదు, ముఖ్యమైన పనికి విడిగా చుక్క పెట్టించాలి. ‘రైతులు మిర్చి ఆరబెట్టి, తాలు ఏరి యార్డుకు తెచ్చారు. ధర లేదు. టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి వెళ్లాయి.’ ఆ పేజీ మీద ఎర్ర సిరాతో ఉన్నది మాత్రం ‘బాగుంది, ఇంకా మెరుగుపరచుకోవాలి’ అని. ఎక్కడ మెరుగుపరచాలో చెప్పని దిద్దుబాటు దిద్దుబాటు కాదు. 18 మంది పుస్తకాలు ఒక్క మనిషి దిద్దాలంటే కష్టమే, కానీ పేజీకి ఒక్క తప్పునైనా గీత గీసి చూపించొచ్చు.

ఇంకో అభ్యంతరం ‘ఐదు వాక్యాల పేరా’ సూత్రం. ఎనిమిదో తరగతికి ఊతకర్రలా పనికొస్తుంది. ఆరో వారానికి కూడా అదే కర్ర పట్టుకుంటే ఐదో వాక్యం దగ్గర అందరూ మొదటి వాక్యాన్నే ‘కాబట్టి’ తగిలించి తిరగరాస్తారు. చివరి వాక్యం కొత్తగా ఒక్క అడుగైనా వేయాలి. అడుగు లేకపోతే నాలుగు వాక్యాలతో ఆపేయమని చెప్పాలి.

ఆరు వారాల్లో ఒక్కసారి కూడా గడియారం పెట్టి రాయించలేదు. పదో తరగతి తెలుగు పరీక్ష 9.30 నుంచి 12.45 దాకా. అందులో నాలుగు మార్కుల జవాబు ఒక పేరాతో తెగుతుంది, ఎనిమిది మార్కులదానికి మూడు నాలుగు కావాలి. రాసే ముందు పేరాకు ఒక్కో మాట చొప్పున మార్జిన్‌లో గుర్తు పెట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు, ఆ అలవాటు ఇక్కడ దొరకదు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకైతే చేర్పించండి. జనవరి, ఫిబ్రవరిల్లో చేరదామనుకునే పదో తరగతివాళ్లకు మొదటి రెండు ఆదివారాలు చాలు, కానీ విడి వారాలకు ఫీజు తీసుకోరు. అంత ఖర్చు వద్దనుకునేవాళ్లు చేయగలిగింది ఒకటుంది: పిల్లల పాఠ్యపుస్తకంలోంచి ఆరు వాక్యాల పేరా ఒకటి పెద్ద అక్షరాలతో రాసి, కత్తెరతో చీటీలు చేసి, పక్క పాఠంలోంచి ఒక దొంగ వాక్యం కలిపి ఇవ్వడం. చీటీల వెనక నంబర్లు వేయకండి, తిప్పి చూసేస్తారు.