నోటిపూతకని సంతలో అమ్మే ఎర్రమూత డబ్బా కొనకండి

పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం వైపు వాళ్ళు ఒకసారి చదవండి. మా అమ్మకి నోటినిండా పుళ్ళు, మజ్జిగన్నం కూడా మంటే, చూడలేక వారం సంతలో ఒకాయన దగ్గర చిన్న డబ్బా 60 రూపాయలకి కొన్నాను. "ఆకుమందమ్మా, మూడ్రోజుల్లో మాయం" అన్నాడు. డబ్బా మీద పేరు లేదు, ఏం కలిపారో లేదు, తేదీ లేదు, అడ్రస్ లేదు, అప్పుడే ఆగాల్సింది.

రాయగానే నోరు తిమ్మిరెక్కి హాయిగా ఉందనేది, కాసేపటికి తల తిరుగుతోందని కూర్చుండిపోయేది, పదిరోజులు తిరిగేసరికి పొద్దున్నే అది రాసుకోకపోతే ఒకటే చిరాకు. పళ్ళ డాక్టరు వాసన చూసి ఇందులో పొగాకుందమ్మా, గుడాకు లాంటిదే అన్నారు. గుడాకంటే తెలుసు కదా, పొగాకూ బెల్లం కలిపి చేసే ముద్ద, మన వైపు చాలామంది ఆడవాళ్ళు దాంతోనే పళ్ళు తోముకుంటారు. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకూడదని 1992 నుంచే నిషేధం ఉంది, అయినా అమ్ముతున్నారు.

అసలు జబ్బు వేరే. అమ్మ నాలిక ఎర్రగా, గచ్చులా నున్నగా అయిపోయింది, టెస్టు చేయిస్తే బీ12 విటమిన్ బాగా తక్కువ. షుగర్‌కి అమ్మ వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గొచ్చంట, ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. ఇంజక్షన్లు పడ్డాక ఇప్పుడు పప్పుచారు తింటోంది, కానీ ఆ డబ్బాని నమ్మి నెల పోగొట్టుకున్నాం.

డాక్టరు చెప్పినవి రాస్తున్నా. మామూలు పుండు వారం, రెండు వారాల్లో మానుతుంది, మూడు వారాలు దాటినా ఉంటే, నొప్పి లేకపోయినా సరే చూపించుకోవాలి. తెల్లపూత తుడిస్తే వస్తే ఫంగస్ కావచ్చు, షుగర్ వాళ్ళకీ స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ వాడేవాళ్ళకీ ఎక్కువ, అందుకే ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించాలి. ఖైనీ, గుట్కా వేసేవాళ్ళకి తుడిచినా పోని తెల్లమచ్చ, వక్క నమిలేవాళ్ళకి నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం, ఇవి అస్సలు వదిలేయకండి. నాలిక మీద మ్యాపులా మచ్చలు వచ్చి చోటు మారుతుంటే మాత్రం భయం లేదు. మాటిమాటికీ నోరు పూసేవాళ్ళు మెత్తని బ్రష్ వాడండి, నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టు చూడండి, గీసుకునే పన్ను ఉంటే అరగదీయించుకోండి.

ఆ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది, ఎర్రమూత, లోపల నల్లగా తడితడి పొడి. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే మూత తీసి వాసన చూడండి, పొగాకు వాసన వస్తే ఈరోజే పారేయండి.