బండికి తుప్పు వదిలింది, బిల్లు దగ్గర ఆగిపోయా (4/5)

భీమవరం నుంచి ఉండి ఊరికి వెళ్లే రోడ్డు మీద ఉన్న షెడ్డండి ఇది, పేరు రాయొద్దన్నారు ఓనరు గారు, ఇప్పటికే బళ్లు లైన్లో ఉంటున్నాయంట. ఆ చుట్టుపక్కల రొయ్యల బళ్లున్నోళ్లకి ఎలాగూ తెలిసే ఉంటది.

నాది బొలెరో పికప్పు. సీజన్లో రోజుకి రెండు ట్రిప్పులు రొయ్యలే, ఐసు కరిగిన నీళ్లు ట్రేల్లోంచి కారి కారి ఛాసిస్‌కి పట్టేస్తాయి, పైన పెయింటు చూస్తే కొత్త పెళ్లికొడుకులా ఉంటది, కిందకి దూరి సుత్తితో ఓ దెబ్బేస్తే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోద్ది. ఈసారి వెనక స్ప్రింగు బిగించే చోట ఏకంగా వేలు దూరేంత చిల్లు. వీళ్లు పాడైనంత మేరా కోసేసి, లోపలి తుప్పు గోకి, దళసరి ప్లేటేసి వెల్డింగ్ పెట్టి, మళ్లీ తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ ప్రైమర్ కొట్టి, ఆరాక పైన నల్ల కోటింగ్ వేశారు. పై పైన పుట్టీ పూసి పంపే రకం కాదు. కోసిన ముక్క కూడా నా చేతికిచ్చి చూసుకోండి అన్నాడు మేస్త్రి, బిస్కెట్ లాగా విరిగింది.

ఇక అసలు గొడవ. లేబరు 7,800 వేశారు. ఇదే పని ఊళ్లో ఇంకో షెడ్డాయన 6,500కి చేసేస్తానన్నాడు. అదేంటండీ 1,300 తేడా అని గట్టిగానే అడిగా. ఓనరు గారు ఏం మాట్లాడకుండా రిజిస్టరు తీసి ముందు పెట్టారు. పద్నాలుగు మంది పనోళ్లు, అందరికీ ఈఎస్ఐ, అంటే పనోళ్ల వైద్య బీమా. నెలకి 18,000 జీతం అనుకోండి, ఓనరు వాటా 3.25 శాతం అంటే 585, పనోడి జీతంలోంచి 0.75 శాతం అంటే 135. పది మంది, అంతకన్నా ఎక్కువుంటే కట్టాల్సిందే, 21,000 లోపు జీతగాళ్లందరికీ. "ఆ 585 నేనెక్కణ్ణుంచి తేనండీ, మీ బిల్లులోంచే కదా" అన్నారు. 1,300 మొత్తం అదే అని నేననుకోవట్లేదు లెండి, అందులో ఆయన లాభం కూడా ఉంది, ఆ మాటా ఆయన మొహమ్మీదే అన్నా, నవ్వేశారు.

కానీ నా బండికి వెల్డింగ్ పెట్టిన కుర్రాడి ఎడం చేతి మీద అడ్డంగా కుట్లుంటాయి. పోయినేడు గ్రైండర్ బిళ్ల పగిలి తెగిందంట. ఆరు వారాలు ఇంట్లోనే. పనిలో తగిలిన దెబ్బ కాబట్టి జీతంలో 90 శాతం ఈఎస్ఐ ఇచ్చింది, వైద్యం ఉచితం. అవతల 6,500 షెడ్డులో నలుగురే, ఈఎస్ఐ తప్పనిసరి కాదు. అక్కడ పెయింటర్‌కి జబ్బు చేస్తే మా బళ్లోళ్ల గ్రూపులో ఫోన్‌పే చందాలేశాం, నేనూ 500 వేశా. అంటే చవగ్గా చేయించుకున్నాననుకున్నది కూడా ఏదో దారిన నా జేబులోంచే పోయిందన్నమాట!

ఇదంతా అమెరికాలో డెట్రాయిట్ దగ్గరుండే మా బాబాయి కొడుకుతో ఫోన్లో చెప్తే పగలబడి నవ్వాడు. అన్నయ్యా, నువ్వు 1,300కి ఏడుస్తున్నావ్, ఇక్కడ జనరల్ మోటార్స్ ఒక్కో కారు మీద దాదాపు 1,500 డాలర్లు పనోళ్ల వైద్యానికే మోసిందొకప్పుడు, కారులో వేసే ఉక్కు కన్నా ఎక్కువని వాళ్లే చెప్పుకున్నారు అన్నాడు. 2004లో 11 లక్షల మంది వైద్యానికి 520 కోట్ల డాలర్లు కట్టిందంట, అందులో రిటైరైనోళ్లూ, ఇంట్లోవాళ్లూ అందరూ ఉన్నారు. డెట్రాయిట్లో వంతెన దాటితే కెనడా, అటువైపు డాక్టరు ఫీజూ ఆసుపత్రి ఖర్చూ జనం పన్నుల్లోంచి పోతాయి కాబట్టి కార్ల కంపెనీ నెత్తిన అంత బరువుండదు. అదే 2004లో కెనడా వైపున్న ఒంటారియో రాష్ట్రం కార్ల తయారీలో డెట్రాయిట్ ఉన్న మిషిగన్‌ని దాటేసింది. వైద్యం ఖర్చొక్కటే కారణం అంటే నేనొప్పుకోను, ఆ కంపెనీ బళ్లు జనం కొనడం తగ్గించడం కూడా ఉంది, 2009 జూన్ 1న దివాలా పిటిషన్ వేసేదాకా వచ్చింది.

ఆ జనరల్ మోటార్స్ పనోళ్ల సంగతి ఇంకోరకం. 2007లో రిటైరైనోళ్ల వైద్యం భారం యూనియన్ నడిపే ట్రస్టుకి అప్పజెప్పి, కొత్తగా చేరేవాళ్లకి దాదాపు సగం జీతమే పెట్టారంట. 2019 సమ్మెలో అయితే మరీ ఘోరం, సమ్మెలో ఉన్నోళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ డబ్బులు కట్టడం కంపెనీ ఆపేసి, జనం తిడితే కొన్ని రోజుల్లోనే మళ్లీ మొదలెట్టింది. ఉద్యోగంతో ముడేస్తే అంతేనేమో. మా షెడ్డు కుర్రాడు కూడా పని మానేసి సొంతంగా నలుగురితో పెట్టుకుంటే ఆ కార్డు పోయినట్టే, అప్పుడు పెద్ద ఆపరేషనంటే ఎన్టీఆర్ వైద్య సేవే దిక్కు, మేమింకా ఆరోగ్యశ్రీ అనే అంటాం.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, రెండ్రోజులని చెప్పి నాలుగో రోజు సాయంత్రానికిచ్చారు, నాకు రెండు ట్రిప్పులు పోయాయి. వాటర్ వాషింగ్ కూడా చేయలేదు, క్యాబిన్ నిండా గ్రైండర్ పొడి. ఆదివారం సెలవు, శనివారం అసలు వెళ్లకండి, రొయ్యల బళ్లన్నీ అక్కడే ఉంటాయి. వెళ్తే మాత్రం ఆ చేతి కుట్లబ్బాయినే అడగండి, వెల్డింగ్ గీత దారంతో కుట్టినట్టుంటది.